సమతుల ఆహారం పాఠం రాగి సంగటి దగ్గర మొదలుపెట్టండి

ఆరో తరగతి పిల్లల్ని కార్బోహైడ్రేట్లంటే ఏంటని అడిగితే శక్తినిచ్చేవి సార్ అని టక్కున చెప్పేస్తారు, అదే పొద్దున తిన్న ఉగ్గానిలో (బొరుగుల ఉప్మా) ఏముందిరా అంటే ఒక్కరూ నోరు తెరవరు. అందుకే మా అనంతపురం పక్క ఈ పాఠం చెప్పే టీచర్లకి నేను చెప్పేది, ఆపిల్, బ్రెడ్, చీజ్ బొమ్మలున్న చార్టు పక్కన పెట్టి పిల్లలు రోజూ చూసే తిండితోనే మొదలుపెట్టండి.

ముందు వాళ్లతోనే పేర్లు చెప్పించి బోర్డు మీద రాయండి. రాగి సంగటి, జొన్నరొట్టె, చిత్రాన్నం, కందిబ్యాళ్లు, పుల్లగూర, ఉలవలు, అలసందలు, బుడ్డలు (వేరుశనగలు), చీనీకాయ (బత్తాయి), మజ్జిగ, మధ్యాహ్న భోజనంలో ఇచ్చే గుడ్డు, చిక్కీ, అన్నీ వస్తాయి. కానీ నువ్వు రాత్రి ఏం తిన్నావని ఒక్కొక్కర్నీ లేపి మాత్రం అడగొద్దు, కొన్ని ఇళ్లల్లో వట్టి అన్నం, ఊరిమిండే (పచ్చడే) ఉంటుంది, అది అందరి ముందూ చెప్పాలంటే పిల్లలకి ఎంత కష్టం. మన ఊర్లో ఏమేం తింటారు అని అడిగితే సరిపోతుంది.

ఇప్పుడు ఆ పేర్లని గుంపులు చేయమనండి: ధాన్యాలు, పప్పులు-గుడ్డు-మాంసం, కూరగాయలు-ఆకుకూరలు, పండ్లు, పాలు-పెరుగు, గింజలు, నూనెలు. బుడ్డల దగ్గర కచ్చితంగా గొడవ పడతారు, పడనీండి. 100 గ్రాముల బుడ్డల్లో దాదాపు 25 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, బరువులో సగానికి దగ్గరగా నూనే ఉంటుంది, మరి ఏ గుంపులో వేస్తారు? ఒక తిండిలో ఒకటే పోషకం ఉండదని పిల్లలకి అక్కడ తెలుస్తుంది.

ఆ మాట ఇంకా గట్టిగా నాటాలంటే ప్రయోగం చేయించండి. మందుల షాపులో టించర్ అయోడిన్ తెచ్చి నీళ్లలో కొన్ని చుక్కలు కలిపి పల్చటి టీ రంగుకి తెచ్చుకోండి, సంగటి, ఉడికిన పప్పు, గుడ్డులో తెల్లసొన తలా కొంచెం పెట్టి ఒక్కో చుక్క వేయించండి. సంగటి నీలం కలిసిన నలుపుకి తిరుగుతుంది, తెల్లసొన తిరగదు, పప్పు కూడా నల్లబడుతుంది, అప్పుడు పిల్లలు సార్ పప్పంటే ప్రొటీన్ కదా అని అడుగుతారు చూడండి, ఆ ప్రశ్న కోసమే ఇదంతా, పప్పులో పిండిపదార్థం కూడా బాగానే ఉంటుందని అప్పుడు చెప్పండి. కొవ్వుకి నాలుగు బుడ్డలు తెల్ల కాగితంలో పెట్టి నలిపి, ఆరనిచ్చి, వెలుతురుకి పట్టి నూనె మరక చూపిస్తే చాలు. ప్రయోగానికి వాడినవి ఎవరూ నోట్లో పెట్టుకోకుండా దగ్గరుండి పారేయించండి.

తర్వాత నేల మీద చాక్‌పీసుతో పెద్ద పళ్లెం గీయండి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన లెక్క ప్రకారం రోజుకి 2000 కిలో కేలరీలు కావాల్సిన మనిషికి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100, ధాన్యాలు 250, పప్పులు లేదా గుడ్డు, మాంసం 85, గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు. ఇవి వండకముందు తూకాలు. పిల్లలతో బట్టీ పట్టించొద్దు, వాళ్ల వయసుని బట్టి మారతాయి కూడా. దానికి బదులు తక్కెడ తెచ్చి 400 గ్రాముల కూరగాయలు తూచి చూపించండి, ఇంతా అని ఆశ్చర్యపోతారు, ఎందుకంటే మన పళ్లాల్లో సంగటో అన్నమో కొండంత, కూర అంచుకి ఇంత. గురుగాకు, చెంచలాకు, మునగాకు లాంటివి పెద్ద ఖర్చు లేకుండా దొరికేవే, అవే ఆ లోటు తీరుస్తాయని తప్పకుండా చెప్పండి.

విటమిన్లు, ఖనిజాల పట్టిక చదివించేకంటే రెండు సంగతులు చాలు. 100 గ్రాముల రాగుల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, అదే బరువు పాలలో 120 దాకా. ఇంకోటి, ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకుంటే అందులో ఇనుము ఒంటికి బాగా పడుతుంది, అన్నం తిన్న వెంటనే టీ తాగితే తగ్గుతుంది. రక్తహీనత గురించి ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకీ కలిపే చెప్పండి.

చివర్లో ఒక పని ఇవ్వండి, ఇంట్లో చేసే ఏదో ఒక వంటకి ఒకటి కలపమనండి. ఉగ్గానిలో గుప్పెడు బుడ్డలు వేసి దించాక నిమ్మకాయ పిండటం, సంగటి పక్కన ఆకుకూర పప్పు, ఇలా ఏదైనా సరే, కొనాల్సిన అవసరం లేనిదైతే ఇంకా మంచిది. గుడ్డు తినని ఇళ్ల పిల్లలుంటే వాళ్లకి అలసందలు, ఉలవలు, పెరుగు చెప్పండి, బుడ్డలు పడని పిల్లలెవరైనా ఉన్నారేమో మాత్రం ప్రయోగానికి ముందే కనుక్కోండి.