ఇంటి చెత్తతో రైలు లేఅవుట్: ఎక్కడ తేడా కొడుతుంది, ఎలా సరిచేయాలి

కొబ్బరి పీచు, రంపప్పొట్టు, ఊక, వాడేసిన టీపొడి, టీవీ డబ్బాలో వచ్చిన థర్మోకోల్. గోదావరి జిల్లాల్లో మోడల్ రైలుకి లేఅవుట్ (పట్టాల చుట్టూ చిన్న సైజులో ఊరు, చేలు, కాలువ) కట్టుకునేవాళ్లు సరుకు కోసం బజారుకి పరిగెత్తాల్సిన పని పెద్దగా ఉండదు. కాకపోతే తెచ్చింది తెచ్చినట్టే అతికించేస్తే నెల తిరక్కుండానే తేడాలు మొదలవుతాయి. మన గాలిలోనే తడి ఎక్కువ. దానికి తోడు సరుకులో ఉప్పు, జిడ్డు, ఇనప రజను. కింది లెక్కలన్నీ హెచ్‌ఓ స్కేలుకి, అంటే అసలు సైజులో 87వ వంతుకి.

ఇంజిన్ ఆగి ఆగి నడుస్తోంది, అడుగున నల్లటి రజను పట్టింది

కారణం: పట్టాల మధ్య కంకర బదులు పోసిన ఇసుక. అంతర్వేది వైపు సముద్రపు ఒడ్డున ఇసుకలో నల్లటి చారలు మీరు చూసే ఉంటారు. వాటిలో ఇల్మనైట్, మాగ్నటైట్ లాంటి బరువు ఖనిజాలుంటాయి. మాగ్నటైట్ అయస్కాంతాన్ని చూస్తే ఆగదు. ఇంజిన్ మోటారులో ఉన్నదే అయస్కాంతం. బండి తిరిగినప్పుడల్లా కాస్త కాస్త రజనును పైకి లాక్కుని గేర్లలో నింపుకుంటుంది. నది ఇసుకలోనూ ఇది కొంత ఉంటుంది కాబట్టి ‘మాది గోదావరి ఇసుకేనండీ’ అని ధీమా పడొద్దు.

పరిష్కారం: పాడైన స్పీకరులోంచి అయస్కాంతం తీసి ప్లాస్టిక్ కవరులో చుట్టండి. బాగా ఆరిన ఇసుకను పళ్లెంలో పలచగా పరిచి, దాని మీద మెల్లగా తిప్పండి. కవరు చుట్టూ నల్లటి రజను మీసాల్లా లేచి నిలబడుతుంది. పక్కకు తీసుకెళ్లి కవరులోంచి అయస్కాంతం లాగేస్తే రజనంతా రాలిపోతుంది. ఇక ఏమీ అంటుకోనంతవరకు ఇదే పని. సముద్రపు ఇసుకైతే అంతకుముందే మంచినీళ్లలో రెండు మూడుసార్లు కడగాలి, లేదంటే ఉప్పు తేమను పీల్చి పట్టాలను పాడుచేస్తుంది.

తర్వాత టీ వడపోసే జల్లెడలో పట్టండి. మన రైల్వే కంకర 20 నుంచి 65 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. 87వ వంతుకి దిగితే అందులో పెద్ద రాయి కూడా ముప్పాతిక మిల్లీమీటరే. జల్లించని ఇసుక పోస్తే పట్టాల మధ్య బండరాళ్లు దొర్లినట్టుంటుంది.

ఇప్పటికే రజను ఎక్కిన ఇంజిన్‌ను ఊదకండి, ఇంకా లోపలికి పోతుంది. సెల్లోటేపు అంటించి ఎత్తేయండి. పట్టాలు తుడవడానికి గిన్నెలు తోమే స్టీలు పీచు వాడేవాళ్లకీ ఇదే గతి. పీచు ముక్క ఒక్కటి మోటారులోకి చేరితే షార్టే.

జిగురు నీళ్లు పోయగానే కంకర తేలిపోయింది

పొడి ఇసుకలోకి నీళ్లు సులువుగా ఇంకవు, చుక్కలుగా నిలబడి ఇసుకను లాగేస్తాయి. ముందు గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు కలిపిన నీళ్లు స్ప్రే చేసి తడపండి. తర్వాత ఫెవికాల్, నీళ్లు సమంగా కలిపి, పాత సిరంజితో అంచుల నుంచి వదలండి. బండి దారి మార్చే పట్టాలు (పాయింట్లు) కదిలే చోట మాత్రం చుక్క కూడా పడకూడదు. అక్కడ కంకర లేకపోయినా ఎవరూ అడగరు.

నేలకి బూజు పట్టింది, చీమలు వచ్చాయి

వాడేసిన టీపొడి ఎండబెట్టి మట్టిలా చల్లమని విదేశీ వీడియోల్లో చెబుతారు. వాళ్లది ఉత్త డికాక్షన్ పొడి. మనది పాలు, పంచదారతో కలిపి మరిగించింది! దాన్ని అలాగే చల్లితే చీమలకి విందు, వానాకాలం రాగానే బూజు. టీపొడిని మంచినీళ్లలో మరిగించి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, ఎండలో పెట్టి, చివర్లో పెనం మీద సన్నసెగన చెమ్మ పోయేలా వేయించండి. కొబ్బరి పొట్టుకి, రంపప్పొట్టుకి కడుగుడు అక్కర్లేదు, ఎండ చాలు. కానీ వానాకాలంలో ఆ పని పెట్టుకోకండి.

మైదా జిగురు వాడితే బొద్దింకలు వస్తాయి. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్లు అందులో చిటికెడు మైలుతుత్తం కలుపుతారు, అది పనిచేస్తుంది. అయితే అది విషం. పిల్లలు చేయిపెట్టే లేఅవుట్ అయితే ఫెవికాలే నయం. నాఫ్తలీన్ ఉండలు థర్మోకోల్ దగ్గర పెట్టొద్దు, థర్మోకోల్ కరుగుతుంది.

రంగు వేస్తే థర్మోకోల్ గుంటలు పడింది

స్ప్రే పెయింటు, థిన్నరు, రబ్బరు జిగురు అన్నీ దాన్ని తినేస్తాయి. ముందు ఫెవికాల్‌తో పాత పేపరు రెండు పొరలు అతికించి ఆరనివ్వండి. పైన నీళ్ల రంగులే వేయండి.

కాలువలో నీళ్లు పాలలా ఉండిపోయాయి

ఫెవికాల్ ఒకేసారి మందంగా పోశారు. పైన తోలు కట్టి లోపల ఆరలేదు. దాన్ని గీకేసి, అడుగు బురద రంగు వేసి, వార్నిష్ పలచటి పొరలుగా పూయండి, ఒకటి ఆరాకే ఇంకొకటి. ఒడ్డున పచ్చ స్పాంజి తురుము అతికిస్తే గుర్రపుడెక్క. అంత ఓపిక లేదంటే వేసవిలో కట్టేసిన కాలువ చేసేయండి, ఎండిన బురద, పాత చెప్పు ముక్క ఒకటి చాలు.

కొబ్బరి చెట్లు మొక్కల్లా ఉన్నాయి

18 మీటర్ల చెట్టు మన లేఅవుట్ మీద 20 సెంటీమీటర్లు పైనే రావాలి. అందరూ ఇందులో సగం కడతారు. కొబ్బరి చీపురు ఈనెలు మూడు నాలుగు కలిపి, కుట్టుదారం బిగించి చుట్టి, ఫెవికాల్ రాయండి. దారం చుట్లే మాను మీద గీతలవుతాయి. మట్ట ఆరు సెంటీమీటర్లు. పత్రిక అట్ట కత్తిరించి, మధ్యలో పాత కరెంటు వైరులోని సన్నని రాగి తీగ పెడితే ఎటు వంచితే అటు వంగుతుంది.

అన్నీ ఉన్నాయి, అయినా మన ఊరిలా లేదు

కొండ, సొరంగం తీసేయండి. కోనసీమలో సొరంగం ఎక్కడండీ! ఇక్కడ ఎత్తుగా ఉండేవి రైలు కట్ట, కాలువ గట్టు. పట్టాల కింద థర్మోకోల్ రెండు పొరలు పెట్టి, చుట్టూ చేలను కిందికి దింపండి. పాత టర్కీ టవలు ముక్కకి పచ్చరంగు వేస్తే నాట్లయిన చేను, గట్లకి లావు నూలుతాడు.

అట్టతో చేసిన రాజమండ్రి వంతెన కుంగిపోయింది

1997లో వచ్చిన ఆర్చి వంతెనలో ఒక్కో ఆర్చి దాదాపు 97 మీటర్లు, అంటే మన కొలతలో మీటరు పైనే. అంత పొడవున అట్ట తేమకి నిలబడదు. పట్టాల కింద టీకు పట్టీ వేయండి. ఆర్చికి పాత ఇంటి వైరింగ్‌లో తీసేసిన ప్లాస్టిక్ కేసింగ్ మూతలు బాగా వంగుతాయి. గొడుగు ఊచలూ వంగుతాయి కానీ ఇనుము పట్టాలకి తగిలితే షార్టవుతుంది. పొడవు సరిపోకపోతే ఆర్చిని కుదించేటప్పుడు ఎత్తు కూడా అదే లెక్కన తగ్గించండి, లేదంటే చేతి గాజు నిలబెట్టినట్టుంటుంది. అతికించే ముందు మీ దగ్గరున్న అన్నిటికన్నా ఎత్తయిన రైలు పెట్టెను ఆర్చి కింద నుంచి ఒకసారి తోసి చూడండి.