మా అబ్బాయికి ఇంగ్లీషులో చుట్టరికాలు చెప్పడం వచ్చిన తీరు

మై, యువర్ మా అబ్బాయికి తేలిగ్గానే వచ్చేశాయి. ఇబ్బందల్లా పేర్ల దగ్గరే. తెలుగులో 'రవి చెల్లెలు' అంటే చాలు, మధ్యలో ఏమీ చేర్చక్కర్లేదు. ఇంగ్లీషులోనూ వాడు 'రవి సిస్టర్' అనేవాడు. 'రవీస్ సిస్టర్' అనాలన్న రూల్ ఎన్నిసార్లు చెప్పినా నోటికి రాలేదు.

వర్క్‌బుక్ పక్కన పెట్టి ఇంట్లోవాళ్ల ఫోటోలు తీశాను. ఒక్కొక్కరిని చూపించి ఎవరని అడిగేదాన్ని. అసలు ఫలితం గొలుసు కట్టించడంతో వచ్చింది: 'మై మదర్', 'మై మదర్స్ బ్రదర్', 'మై మదర్స్ బ్రదర్స్ వైఫ్'. మేనత్త, మేనమామ, వాళ్ల పిల్లలు అంటూ ఎంత దూరమైనా వెళ్లొచ్చు. చుట్టరికాలు ముందే తెలుసు కాబట్టి వాడి ధ్యాసంతా ఆ 'స్' మీదే ఉండేది. చాలా ముచ్చటేసింది.

హిజ్, హర్ దగ్గర ఓపిక కావాలి. భర్త మగవాడు కదా అని అక్క గురించి చెబుతూ 'హిజ్ హస్బెండ్' అనేవాడు. ముందు అక్క ఫోటో మీద వేలు పెట్టించి, ఆ తర్వాతే 'హర్ హస్బెండ్' అనిపించాను. ఎవరి భర్తో వాళ్లను బట్టే ఆ మాట మారుతుందని అలా పట్టుకున్నాడు.

'పేరెంట్స్' లాంటి బహువచనాలకు అపాస్ట్రఫీ (రాసేటప్పుడు అక్షరం పక్కన పైన పెట్టే కామా లాంటి గుర్తు) చివరి ఎస్ తర్వాత వస్తుంది. గుర్తు ఎస్‌కు ముందా, తర్వాతా అన్న తేడా చెవికి తెలియదు, రాయించాల్సిందే.