సాయంత్రంలోగా అడ్వాన్స్ ఇమ్మన్నారా?

పోయిన నెల మా చెల్లెలి కొడుకు ఫోన్ చేశాడు. "పెద్దమ్మా, ఆనందపురం దగ్గర 200 గజాల సైటు. సాయంత్రంలోగా రెండు లక్షలు అడ్వాన్స్ ఇవ్వకపోతే వేరేవాళ్లకి ఇచ్చేస్తారట." నేను ఒక్కటే అడిగాను. "సర్వే నంబరు ఎంత నాన్నా?" వాడికి తెలియదు. బ్యాంకులో ఇరవై రెండేళ్లు హౌసింగ్ లోన్ ఫైళ్లు చూసినదాన్ని, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

విశాఖలో సైటు కొనేవాళ్లు ముందు చూడాల్సింది 22ఏ జాబితా, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితా. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో గ్రామం, సర్వే నంబరు కొట్టి చూడండి. ఆ జాబితాలో ఉంటే రిజిస్ట్రేషన్ కాదు. అడివివరం, వేపగుంట వైపు పంచగ్రామాల భూములపై సింహాచలం దేవస్థానం వివాదం ఎన్నేళ్లుగా నలుగుతోందో ఇక్కడివాళ్లకు తెలుసు. డి-పట్టా భూములు, అంటే ప్రభుత్వం పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూములు, మరో సమస్య. 2010లో మా ఆయన, నేను పెందుర్తి వైపు ఒక సైటుకు లక్షన్నర అడ్వాన్స్ ఇచ్చాక అది అసైన్డ్ భూమి అని తెలిసింది. ఆ డబ్బు చేతికి రావడానికి రెండేళ్లు తిరిగాం. భీమిలి రోడ్డులో సముద్రానికి దగ్గరగా కొంటుంటే సీఆర్‌జెడ్ (తీరంలో కట్టడాలపై ఆంక్షలున్న ప్రాంతం) హద్దు కూడా కనుక్కోండి. సైటు మీదే అయినా ఇంటికి పర్మిషన్ రాకపోవచ్చు.

తర్వాత ముప్పై ఏళ్ల ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీయించండి. "ఈసీ క్లీన్" అనగానే చాలామంది ఊరుకుంటారు, అక్కడే దెబ్బతింటారు. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే ఉంటాయి. కోర్టు కేసు, నోటి పంపకం, పెళ్లై వెళ్లిన ఆడపడుచు వాటా అందులో కనపడవు. తండ్రి ఆస్తిని అన్నదమ్ములు అమ్ముతుంటే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడిగి, అక్కచెల్లెళ్ల సంతకాలు కూడా పెట్టించండి. లింక్ డాక్యుమెంట్ల (ఆ ఆస్తి పాత దస్తావేజుల) ఒరిజినల్స్ చూడాలి. జిరాక్సులే చూపిస్తున్నారంటే ఒరిజినల్స్ ఎక్కడో తాకట్టులో ఉండొచ్చు. ఉత్త జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) మీద కొనకండి. దానితో యాజమాన్య హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

"పంచాయతీ అప్రూవ్డ్" అనే మాట నమ్మొద్దు. విశాఖ నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ ఇచ్చిన ఎల్‌పీ (లేఅవుట్ అనుమతి) నంబరు, రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ రెరా ఇచ్చిన నంబరు రెండూ అడగండి. రెరా కింద ఉన్న ప్రాజెక్టులో రిజిస్టర్డ్ అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు.

ఇక డబ్బు లెక్క. 40 లక్షల ఫ్లాటుకు బ్యాంకు 80 శాతం దాకానే, అంటే 32 లక్షలే ఇవ్వగలదు. మిగతా ఎనిమిది మీవి. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, ఇంకో మూడు లక్షలు. ఆ మూడు లక్షలను బ్యాంకు ఇంటి ధరలో కలపదు. ఎంతోమంది ఇది చివరి వారంలో తెలిసి బంగారం తాకట్టు పెట్టడం నా బల్ల ముందే చూశాను. డాక్యుమెంటులో ధర తక్కువ రాయిస్తే లోన్ కూడా తగ్గుతుంది. అమ్మకానికి 20 వేలు, ఆపైన క్యాష్‌లో తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే 1 శాతం టీడీఎస్ (అమ్మేవారికి ఇచ్చే డబ్బులోంచి ముందే కోసే పన్ను) మీరే పట్టి కట్టాలి. అమ్మేవారు అమెరికాలో స్థిరపడినవారైతే ఈ 1 శాతం లెక్క వర్తించదు, ఆడిటర్‌ని అడగండి.

బ్యాంకు లాయరు లీగల్ ఒపీనియన్ ఇచ్చాడని సొంత లాయరును పెట్టుకోకుండా ఫీజు మిగుల్చుకోకండి. బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు క్షేమం. లోన్ రాకపోతే అడ్వాన్స్ ఇన్ని రోజుల్లో వాపసు ఇవ్వాలని అగ్రిమెంటులో తేదీతో రాయించండి.

మావాడు ఈసీ తీయించాడు. 2018 నాటి తనఖా ఒకటి ఉంది, దాని రద్దు ఎంట్రీ లేదు. అప్పు తీర్చేశానని సైటాయన అంటున్నారు. రద్దు డాక్యుమెంటు రిజిస్టర్ చేయించి తెస్తానన్నారు. ఆ కాగితం కోసం ఎదురుచూస్తున్నాం. రెండు లక్షలూ ఇంకా మావాడి ఖాతాలోనే ఉన్నాయి.