వానలు ముదరకముందే: టైప్ వన్ డయాబెటిస్ ఉన్న పసిపిల్లల తల్లిదండ్రులకు జాగ్రత్తలు

ఈ ఏడు తొలకరి పడిన వారంలోనే, ఒడిశాలోని గుణుపురం వైపున ఉండే మన కుటుంబాలలో ఒకరి ఐదేళ్ల పాపను, ఊపిరి ఎగబీలుస్తూ ఉండగా, అర్ధరాత్రి పెద్దాసుపత్రికి తరలించవలసి వచ్చింది. అంతకు ముందు రెండు రోజులు వాంతులు, విరేచనాలు. ఏమీ తినని పిల్లకు సూది వేస్తే షుగర్ పడిపోతుందనే భయంతో తల్లి ఇన్సులిన్ పూర్తిగా ఆపివేసింది. ఆమెకు ఫోనులో ఆ సలహా ఇచ్చినది మనలాంటి మరొక తల్లే, అదీ ఎంతో ప్రేమతో. నాలుగు రోజులు ఐసీయూలో ఉండి పాప కోలుకుంది. ఇదే పొరపాటు నేను చూస్తూండగా మరో రెండిళ్లలోనూ జరిగింది కాబట్టి, ఈసారి దీన్ని గురించే ఎక్కువగా రాస్తున్నాను.

పిల్ల తినని రోజున

టైప్ వన్‌లో ఒంట్లో ఇన్సులిన్ దాదాపు తయారు కాదు కాబట్టి, పిల్ల తినకపోయినా ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు. జ్వరం వచ్చినప్పుడు శరీరం ఒత్తిడి హార్మోన్లను విడుదల చేస్తుంది, కాలేయం తనంతట తానే రక్తంలోకి గ్లూకోజ్‌ను వదులుతుంది. అందువల్ల పిల్ల ఒక్క మెతుకు ముట్టకపోయినా షుగర్ పెరగవచ్చు. ఇన్సులిన్ లేనప్పుడు ఆ గ్లూకోజ్‌ను వాడుకోలేక శరీరం కొవ్వును కరిగించుకుంటుంది, అప్పుడు పుట్టే కీటోన్లు రక్తాన్ని ఆమ్లంగా మారుస్తాయి. ఆ కీటోన్ల వల్ల కూడా వాంతులు అవుతాయన్నది చాలామందికి తెలియదు. వాంతులని ఇన్సులిన్ ఆపుతారు, ఆపినందుకు కీటోన్లు పెరుగుతాయి, కీటోన్లు పెరిగినందుకు వాంతులు ఎక్కువవుతాయి, ఇంట్లోవాళ్లు మాత్రం నిన్న తిన్నది పడలేదనే అనుకుంటూ ఉంటారు.

విరేచనాల్లో షుగర్ నిజంగానే తగ్గే పిల్లలు ఉన్నారు. వారికి కూడా మోతాదు తగ్గించే మార్గం ఉంది కాని, పూర్తిగా మానే మార్గం లేదు. భోజనానికి వేసే ఇన్సులిన్ వేరు, రోజంతా పనిచేసే బేసల్ ఇన్సులిన్ వేరు. రెండూ కలిపిన మిశ్రమం వాడేవారు ఎంత తగ్గించాలో తామే లెక్క కట్టకుండా డాక్టరును అడగాలి. జ్వరం లేని రోజునే, తదుపరి పరీక్షకు వెళ్లినప్పుడే, జబ్బు చేసిన రోజు ఎన్ని యూనిట్లు వేయాలో కాగితం మీద రాయించుకోండి.

ఒకరికొకరు ఫోను చేసుకునేటప్పుడు

రాయగడ, పర్లాకిమిడి, జయపురం ప్రాంతాల్లో పిల్లల డయాబెటిస్ నిపుణుల కోసం చాలామందిమి బరంపురమో విశాఖపట్నమో వెళ్లవలసినవాళ్లమే. కాబట్టి రాత్రి పదకొండుకు మనకు ముందుగా గుర్తొచ్చేది మరో తల్లి నంబరే. ఆ ఫోను ఎత్తినవారు ధైర్యం చెప్పే ముందు నాలుగు ప్రశ్నలు అడగాలి: ఇన్సులిన్ వేశారా, మీటరులో ఎంత ఉంది, కీటోన్లు చూశారా, ఎన్నిసార్లు వాంతి అయింది? యూనిట్లు మాత్రం చెప్పవద్దు. మీ బాబుకు సరిపోయిన మోతాదు వాళ్ల పాపకు ప్రమాదం కావచ్చు.

వరద రోజుల్లో ఇన్సులిన్ అరువు ఇచ్చుకోవడం మనలో మామూలే, మంచిదే. అయితే ఇచ్చేవారు సీసాతో పాటు దానికి సరిపడే సిరంజిని కూడా ఇవ్వాలి. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాలూ ఉన్నాయి, 100 యూనిట్లవీ ఉన్నాయి. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూతది 100కి. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజితో తీస్తే పిల్ల ఒంట్లోకి రెండున్నర రెట్ల మోతాదు వెళుతుంది.

ఇంకా

2017 జూలైలో రాయగడ జిల్లాలోని తెరువలి, సింగపూర్ రోడ్ స్టేషన్ల మధ్య రైలు వంతెన వరదకు కొట్టుకుపోయింది. దారి ఎప్పుడూ ఉంటుందని నమ్మకుండా నెలకు సరిపడా ఇన్సులిన్, స్ట్రిప్పులు ముందే తెచ్చుకోండి.

కరెంటు పోతే తడి ఇసుకలో కుండ పెట్టి అందులో సీసా ఉంచండి. ఫ్రీజరులో పెట్టకండి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పారవేయవలసిందే.

జబ్బు రోజున రాత్రి కూడా రెండు మూడు గంటలకొకసారి షుగర్ చూడండి.

షుగర్ 70 కంటే తగ్గితే గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి ఇవ్వండి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. చాక్లెట్ ఇవ్వకండి, అందులోని కొవ్వు వల్ల షుగర్ ఆలస్యంగా ఎక్కుతుంది.

స్పృహ లేని పిల్ల నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి.

జబ్బు బయటపడిన కొత్తలో కొన్ని వారాలు మోతాదు తగ్గడం సహజం. నయమైపోయిందని ఎవరు చెప్పినా ఇన్సులిన్ ఆపకండి. చెట్టు మందు కోసం ఆపకండి. ఉపవాసమని ఆపకండి. పిల్ల తినలేదని ఆపకండి.

పిల్లకు డయాబెటిస్ ఉందని తెలిపేలా మెడలో వేసే చీటీని తెలుగులోనే కాక ఒడియాలో కూడా రాయించండి, బడిలో టీచరు చదవగలగాలి.

ఊపిరి లోతుగా, వేగంగా ఆడుతున్నా, నోటి నుంచి మగ్గిన పండు వాసన వస్తున్నా, కడుపునొప్పితో పిల్ల మగతగా ఉన్నా ఎవరికీ ఫోను చేస్తూ కూర్చోకండి, బండి ఎక్కండి.

మూత్రంలో కీటోన్లు చూసే స్ట్రిప్పుల డబ్బా తెరిచి ఆరు నెలలు దాటిందేమో ఈ రాత్రే చూసుకోండి, దాటితే రేపే కొత్తది కొనండి.