హైదరాబాద్ కంపెనీ విశాఖలో శాఖ తెరవాలంటే

తెలంగాణలో రిజిస్టరైన కంపెనీ విశాఖలో వ్యాపారం చేయడానికి కంపెనీల చట్టం కింద ఇక్కడ మళ్లీ అనుమతి అక్కర్లేదు. ఆ నిబంధన విదేశీ కంపెనీలకే. వాళ్లు ఆఫీసు తెరిచిన 30 రోజుల్లో ఎఫ్‌సీ-1 ఫారం దాఖలు చేయాలి. చేయకపోతే 2013 చట్టం 393వ సెక్షన్ ప్రకారం వాళ్ల ఒప్పందాలు చెల్లుతాయి, వాళ్లమీద దావా వేయొచ్చు, వాళ్లు మాత్రం అది దాఖలు చేసేదాకా బాకీ వసూలుకు కోర్టుకెక్కలేరు. జరిమానా లక్ష నుంచి 3 లక్షలు.

మన దేశపు కంపెనీకి అసలు చిక్కు జీఎస్టీ దగ్గర. గాజువాకలో గోడౌన్ తీసుకుని, సరుకు దింపి, 36తో మొదలయ్యే తెలంగాణ జీఎస్టీ నంబరుతోనే బిల్లు కొట్టేస్తుంటారు. అది తప్పు. సరుకు ఇక్కడి నుంచి కదిలితే 37తో మొదలయ్యే ఆంధ్ర నంబరు ఉండాలి. ‘విశాఖలో అమ్మకం తక్కువే కదా’ అన్న లెక్కా నిలవదు, ఒకే పాన్ మీద దేశమంతటి టర్నోవరూ కలిపి చూస్తారు. ఆర్డర్లు మాత్రమే ఇక్కడ తీసుకుని, సరుకు హైదరాబాద్ నుంచి ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య సరఫరాకు వేసే జీఎస్టీ)తో పంపితే ఈ నంబరు అవసరం లేదు.

రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సిన బాధ్యత మొదలైన 30 రోజుల్లో జీఎస్టీ పోర్టల్‌లో దరఖాస్తు చేయండి. ఈ గడువును తేలిగ్గా తీసుకోవద్దు: దాటితే రిజిస్ట్రేషన్ మంజూరైన రోజు నుంచే అమలవుతుంది, అప్పటికే ఉన్న సరుకు మీద క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును తగ్గించుకునే వీలు) చేజారుతుంది. నంబరు లేకుండా అమ్మినందుకు జరిమానా 10,000 రూపాయలు లేదా ఎగ్గొట్టిన పన్ను, ఏది ఎక్కువైతే అది.

అద్దె ఒప్పందం, యజమాని పేరున కరెంటు బిల్లు లేదా జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఇంటిపన్ను రసీదు, సంతకందారుకు బోర్డు తీర్మానం జతచేయాలి. ఒప్పందంలో ఒక డోర్ నంబరు, బిల్లులో ఇంకొకటి ఉంటే అధికారి వివరణ అడుగుతారు. ఒప్పందం రాసేముందే బిల్లు తెప్పించుకుని, డోర్ నంబరు అక్షరం పొల్లుపోకుండా దింపండి. నోటీసొస్తే 7 పనిదినాల్లో జవాబివ్వాలి, లేదంటే దరఖాస్తు తిరస్కరించవచ్చు.

నంబరొచ్చాక హైదరాబాద్ నుంచి గోడౌన్‌కు పంపే సొంత సరుకుకూ ఐజీఎస్టీ బిల్లు, విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) ఉండాలి. షాపుల చట్టం రిజిస్ట్రేషన్, వృత్తిపన్ను, జీవీఎంసీ ట్రేడ్ లైసెన్సు వేరేగా తీసుకోవాలి.

ఎగ్జిబిషన్‌లో స్టాల్ వరకే అయితే ‘క్యాజువల్’ (తాత్కాలిక) జీఎస్టీ రిజిస్ట్రేషన్ చాలు. కనీసం 5 రోజుల ముందు దరఖాస్తు చేసి, అంచనా పన్ను ముందే కట్టాలి. అది 90 రోజుల వరకే చెల్లుతుంది, ఇంకో 90 రోజులు పొడిగించుకోవచ్చు.