తెరచాప పడవకు ఓడ ఎదురైతే: కట్ట మీద నేర్చుకుని కడలి మీద వాడేది

వరంగల్, కరీంనగర్ పిల్లలు తెరచాప పడవ నేర్చుకోవాలంటే ముందు హుస్సేన్‌సాగర్‌కు పోవాలి. అక్కడ యాట్ క్లబ్ శిక్షణ ఇస్తుంది. చాప బిగించడం, చుక్కాని పట్టడం, బోల్తా పడ్డ పడవను లేపడం అక్కడే వచ్చేస్తాయి. విశాఖ వైపు పోయి సముద్రంలోకి దిగినప్పుడు కొత్తగా కావలసింది ఒకటుంది: దూరంగా కనిపిస్తున్న ఓడ మన మీదికి వస్తుందా, దాటిపోతుందా అన్న అంచనా. దీనికి ఉప్పునీళ్లు అక్కర్లేదు. చేతిలో పట్టుకుని చూసే దిక్సూచి ఒకటి, తోడుగా ఒక మనిషి చాలు.

హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ లాంటి ఖాళీ జాగలో మొదలుపెట్టండి. మీరు ఉత్తరం వైపు తిన్నగా నడవండి. మీ తోడు కుడిచేతి వైపు దూరం నుంచి పడమటి వైపు, అంటే మీ దారిని అడ్డంగా దాటేలా నడవాలి. పదేసి అడుగులకు ఒకసారి దిక్సూచి ఆ మనిషి వైపు పెట్టి, ఆ దిక్కును డిగ్రీల్లో చూపే అంకె చదవండి. 45, 45, 45 అని అదే అంకె వస్తూ, మనిషి దగ్గరవుతుంటే ఇద్దరూ గుద్దుకుంటారు. 45, 40, 33 అని తగ్గితే ఆ మనిషి మీ ముందు నుంచి దాటుతాడు. 45, 52, 60 అని పెరిగితే మీ వెనక నుంచి పోతాడు. వేగం మార్చి, మూల మార్చి మళ్లీ మళ్లీ చేయండి. అంకె చదవగానే తడుముకోకుండా చెప్పగలిగేదాకా వదలొద్దు.

తర్వాత నీళ్ల మీదికి. లక్నవరంలోనో, కరీంనగర్ లోయర్ మానేరు డ్యాంలోనో బోటు ఎక్కి, ఇంకో బోటును గమనించండి. దాని వెనక దూరాన ఉన్న గుట్ట అటూ ఇటూ జరగకుండా బోటుకు అంటుకున్నట్టే ఉంటే దారులు కలుస్తున్నాయని అర్థం. గుట్ట జరుగుతూ ఉంటే ఫర్వాలేదు. సముద్రంలో ఆ గుట్ట ఉండదు, ఓడ వెనక ఉత్త ఆకాశమే. అందుకే అక్కడ కంటి అంచనా మోసం చేస్తుంది, దిక్సూచి అంకెనే నమ్మాలి.

టైము ఎంత తక్కువ ఉంటుందో లెక్క చూడండి. చిన్న పడవలో కూర్చుంటే కన్ను నీటికి మీటరు ఎత్తులో ఉంటుంది. ఆ ఎత్తు నుంచి నీళ్లూ ఆకాశమూ కలిసినట్టు కనిపించే అంచు 2 నాటికల్ మైళ్ల (సముద్రపు మైళ్ల) దూరమే, 4 కిలోమీటర్లు కూడా కాదు. ఓడ పైభాగం ఇంకా ముందే కనిపించాలి గానీ మసక పట్టిన రోజున కనిపించదు. 18 నాట్ల, అంటే గంటకు 18 నాటికల్ మైళ్ల వేగంతో వచ్చే ఓడ 10 నిమిషాల్లో 3 నాటికల్ మైళ్లు, అంటే ఐదున్నర కిలోమీటర్లు వచ్చేస్తుంది. కాబట్టి ఓడ కనిపించగానే మొదటి అంకె రాసుకోండి, రెండు నిమిషాలకు రెండోది. తేడా లేకపోతే మూడోదాని కోసం ఆగకుండా తప్పుకోండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఓడ చాలా పొడవైనదై, దగ్గరికి వచ్చేసి ఉంటే అంకె మారుతున్నా ప్రమాదం పోదు. దాని మొనకు ఒక అంకె, వెనక భాగానికి ఒక అంకె తీసుకోవాలి. టగ్గు (లాగే చిన్న ఓడ) బార్జిని (సరుకు మోసే బల్లపరుపు పడవను) లాగుతుంటే మధ్యలో తాడు నీళ్లలో మునిగి కనిపించదు. టగ్గుకూ బార్జికీ నడుమ నుంచి ఎప్పుడూ పోవద్దు.

తప్పుకోవడం కూడా తెలిసేలా ఉండాలి. ఐదు డిగ్రీలు, పది డిగ్రీలు తిప్పితే ఓడ మీద ఉన్నవాళ్లకు మీరు మలిగినట్టే తెలియదు. ఒకేసారి 60 డిగ్రీల దాకా తిప్పి, మీ మొనను ఓడ వెనక భాగం వైపు పెట్టండి. ముందు నుంచి దాటే ప్రయత్నం చేయొద్దు. నిబంధనలు ఒప్పుకునే మేరకే పెద్ద ఓడల మొన ముందు 500 మీటర్ల దాకా నీళ్లు, ఓడను నడిపే గదిలో ఉన్నవాళ్లకు కనిపించకపోవచ్చు. అక్కడ మీరు ఉన్నట్టే వాళ్లకు తెలియదు. ఫైబర్, కర్ర పడవలు రాడార్‌లో కూడా సరిగా పడవు. రాడార్ తరంగాలను తిప్పి పంపే లోహపు రిఫ్లెక్టర్‌ను స్తంభానికి వీలైనంత ఎత్తున కట్టండి.

ఓడలు గుద్దుకోకుండా పెట్టిన 1972 అంతర్జాతీయ నిబంధనల్లో ఇంజిన్ ఓడే తెరచాప పడవకు దారి ఇవ్వాలని ఉంది. అది చదివి ధీమాగా ఉండేవాళ్లు చాలామంది. అవే నిబంధనలు ఇరుకు కాలువలో తెరచాప పడవ ఓడకు అడ్డు రాకూడదనీ చెప్తాయి. విశాఖ రేవు కాలువలో ఓడకు పక్కకు జరిగే జాగ ఉండదు. చేపలు పడుతున్న పడవకు కూడా మీరే తప్పుకోవాలి. చాప ఎత్తి ఉన్నా ఇంజిన్ నడుస్తుంటే మీది ఇంజిన్ పడవ కిందే లెక్క.

రెండు తెరచాప పడవలు ఎదురైతే గాలి ఎటు నుంచి తగులుతుందో చూడాలి. ఎడమ వైపు నుంచి తగిలేది తప్పుకోవాలి, కుడి వైపు నుంచి తగిలేది సాగిపోవాలి. రెంటికీ ఒకే వైపు నుంచి అయితే గాలి వచ్చే దిక్కున ఉన్నది తప్పుకోవాలి. ఇంజిన్లతో ముఖాముఖి వస్తే ఇద్దరూ కుడికే మలగాలి. మనవాళ్లు తడబడేది ఇక్కడే. రోడ్డు మీద ఎడమకు జరిగి జరిగి అలవాటైన చెయ్యి, కంగారులో అటే పోతుంది. గ్రౌండ్‌లో నడిచేటప్పుడే ఎదురెదురుగా వచ్చి కుడికి జరగడం వంద సార్లు చేయండి.

రాత్రి అయితే దీపాలే చెప్తాయి. ఓడ ఎడమ వైపు ఎర్రది, కుడి వైపు ఆకుపచ్చది. రెండూ ఒకేసారి కనిపిస్తే అది మీ మీదికే వస్తోంది. పెద్ద ఓడ స్తంభాల మీది రెండు తెల్ల దీపాలు ఒకదాని కింద ఒకటి నిలువుగా వచ్చినా అదే అర్థం. ఆకుపచ్చ దీపం కింద తెల్లది ఉంటే వల ఈడుస్తూ పోయే ట్రాలర్, ఎర్ర దీపం కింద తెల్లది ఉంటే ఇంకో రకంగా వేట చేసే పడవ. చిన్న నాటు పడవల్లో టార్చి ఒక్కటే ఉండొచ్చు.

ఓడల కన్నా ఎక్కువగా ఎదురయ్యేవి వలలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మరపడవల వేటకు నిషేధం ఉంటుంది, ఇంజిన్ లేని నాటు పడవలు అప్పుడు కూడా పోతాయి. వరసగా తేలే బెండ్లు, చివర జెండా కట్టిన వెదురు కనిపిస్తే ఆ గీతంతా వలే. పడవలోవాళ్లు చెయ్యి ఊపి ఎటు పోవాలో చూపిస్తారు, అటే పోండి. చిక్కుకుంటే చాప తాడు వదిలేసి, చాప దించి, పడవ అడుగున దిగే పలకను, చుక్కానిని పైకి లాగండి. ఇంజిన్ ఉంటే వెంటనే ఆపండి, ఫ్యాను తిరిగితే వల ఇంకా చుట్టుకుంటుంది. తెడ్డుతో వలను కిందికి నొక్కితే చాలాసార్లు పడవ దానంతటదే జారిపోతుంది. ఒక్కరే నీళ్లలోకి దిగొద్దు. వల కోయడం ప్రాణం మీదికి వచ్చినప్పుడే, అది ఒక ఇంటి కూడు.

లైఫ్ జాకెట్ రేవులోనే తొడుక్కోవాలి. పడవల మధ్య మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ రేడియోను 16వ ఛానెల్ మీద ఉంచాలి. ఆపదలో మేడే అని మూడు సార్లు, పడవ పేరు, ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాల అంకెల్లో, జరిగింది ఏమిటి, ఎంతమంది ఉన్నారు, ఈ వరసలో చెప్పాలి. ఫోన్ అందితే కోస్ట్ గార్డ్ నంబరు 1554. ఉన్న చోటు ముందే చెప్పాలి, మధ్యలో రేడియో ఆగిపోయినా వెతికేవాళ్లకు అది చాలు.