మహిళలు తమకు అనువైన తుపాకీని, దాన్ని ధరించే పద్ధతిని ఎంచుకోవడం

చిన్న పిస్టలే ఆడవారికి అనువన్న మాట తరచుగా వినిపిస్తుంది గానీ, తుపాకీ ఎంత తేలికైతే పేల్చినప్పుడు చేతికి తగిలే వెనుదెబ్బ అంత గట్టిగా ఉంటుంది కనుక, జేబులో ఇమిడే 9 ఎం.ఎం. పిస్టల్ కంటే కాస్త బరువైనదే చాలామందికి సుఖంగా ఉంటుందని నా అభిప్రాయం.

లైసెన్సు, శిక్షణ ముందే పూర్తిచేసుకుని, తూటాలు లేవని రెండుసార్లు సరిచూసిన తుపాకీని సురక్షితమైన వైపు గురిపెట్టి పట్టుకోండి. పట్టు మార్చకుండానే చూపుడువేలి కొస ట్రిగ్గర్‌ను అందుకోవాలి. అందుకోసం మణికట్టు తిప్పవలసి వస్తే ఆ పిడి మీ చేతికి పెద్దదన్నమాట. స్లైడును, అంటే పిస్టల్ పైన వెనక్కీ ముందుకూ జరిగే భాగాన్ని, లాగడం కష్టమనిపిస్తే, వేలిని ట్రిగ్గర్‌కు దూరంగా ఉంచి, ఒక చేత్తో స్లైడును బిగించి పట్టుకుని, రెండో చేత్తో పిడిని ముందుకు నెట్టి చూడండి. రివాల్వర్‌కు స్లైడు ఉండదు గానీ, ట్రిగ్గర్ సాధారణంగా నొక్కడానికి బరువుగా ఉంటుంది.

ఎలా ధరించినా ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్ (తుపాకీని పెట్టుకునే ఒర) తప్పనిసరి. తుంటి వెడల్పుగా, నడుము పొట్టిగా ఉన్నవారికి నడుము పక్కన ధరించిన తుపాకీ పిడి పక్కటెముకలకు గుచ్చుకుంటుంది కనుక, హోల్‌స్టర్‌ను కొద్దిగా ముందుకు జరిపి, ఖాళీ తుపాకీతోనే కూర్చుని, వంగి, మెట్లెక్కి సరిచూసుకోవాలి. బెల్టు పెట్టుకోలేని దుస్తులకు నడుముకు చుట్టుకునే సాగే పట్టీ పనికొస్తుంది. చేతిసంచి మాత్రం నాకు నచ్చదు: దొంగ ముందుగా లాక్కునేది దాన్నే, పిల్లలు చెయ్యి పెట్టేదీ అందులోనే. తప్పదనుకుంటే, తుపాకీకి ప్రత్యేకమైన అర ఉన్న సంచిని తీసుకుని, అందులోనూ హోల్‌స్టర్ వాడి, సంచిని ఒంటి మీద నుంచి దించకుండా ఉండండి.